రాహుకాలంలో పుట్టిన బిల్డు

నేను ఒక బిల్డు మిషన్ని. పేరు విని కాంక్రీటు కలిపే యంత్రం అనుకునేరు! ప్రస్తుతం నన్ను కొని మూలన పడేసిన పూర్ణామార్కెట్టు పాత సామాన్ల కొట్టు యజమాని కూడా మొదట అలాగే అనుకుని, ఇంత చిన్నదేమిటని పెదవి విరిచాడు. నేను కంప్యూటర్ని. కాకపోతే సినిమాలు చూసేందుకో, ఉత్తరాలు రాసేందుకో వాడే కంప్యూటర్ని కాను. నా పని వేరు.

మనుషులు ప్రోగ్రాములు రాస్తారు. రాసింది రాసినట్టుగా ఏ యంత్రమూ నడపలేదు. ఒకరు రాసిన ముక్క, ఇంకొకరు రాసిన ముక్క, అన్నీ పోగుచేసి, యంత్రానికి తెలిసే భాషలోకి మార్చి, ఒకదానితో ఒకటి అతికి, పరీక్షించి, మూటగట్టి, పేరూ వేళా వేసి బయటికి సాగనంపాలి. ఈ తంతునంతా కలిపి బిల్డు అంటారు. పొద్దున చూస్తే అదొక కాగితాల చెత్త. మధ్యాహ్నానికి అదే మాట్లాడుతుంది, అరుస్తుంది, దారి చెబుతుంది. నా కడుపులోనే జరిగిన విడ్డూరమైనా, ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరలేదు. ఇప్పుడు తుప్పు పడుతూ కూర్చుని తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది.

నేను విశాఖపట్నం ద్వారకానగర్లో ఒక దుకాణంలో పుట్టాను. నన్ను బిగించినవాడు మ్యాట్నీకి టైమైపోతోందని ఒక మర తక్కువ బిగించాడు. ఆ పుణ్యాన జీవితమంతా గరగరమంటూనే ఉన్నాను. మొదట నన్నొక రొయ్యల వ్యాపారి కొన్నాడు. నామీద జరీ అంచు గుడ్డ కప్పి, వచ్చినవాళ్ళందరికీ ఆ గుడ్డ ఎత్తి చూపించి మళ్ళీ కప్పేసేవాడు. లెక్కలు మాత్రం వేళ్ళమీదే వేసుకునేవాడు. ఆయన ముచ్చట తీరాక ఒక ఇంటర్నెట్ సెంటరుకి చేరాను. అక్కడ పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున పిల్లలు నంబరు కొట్టి, తీరా ఫలితం తెరమీదికి వచ్చే క్షణంలో కళ్ళు మూసుకునేవాళ్ళు. చూడటానికే వచ్చి, చూడకుండా కళ్ళు మూసుకునే ఈ జాతి ఏమిటా అని నేను విస్తుపోయేదాన్ని.

అక్కణ్ణుంచి ఎం.వి.పి. కాలనీలో టైలరు దుకాణం పై మేడమీదున్న 'తీరం' అనే చిన్న కంపెనీకి వచ్చాను. నా అసలు కథ అక్కడే మొదలైంది.

ఆ కంపెనీవాళ్ళు చేపల పడవలకి ఒక పెట్టె తయారుచేసేవాళ్ళు. గట్టు వదిలి కొంత దూరం పోయాక ఫోన్లు పనిచెయ్యవు కదా. ఈ పెట్టె మాత్రం ఉపగ్రహం నుంచి గాలివాన కబుర్లు అందుకుని, ఎర్రదీపం వెలిగించి, సైరను మోగించి, తెలుగులో గట్టిగా చదివి వినిపిస్తుంది. దాని బుర్రలో నడిచే ప్రోగ్రామే నేను బిల్డు చేసేది. పడవ హార్బరుకి వచ్చినప్పుడల్లా కొత్త ప్రోగ్రామున్న చిన్న కార్డు అందులో పెడతారు. ఒకసారి పడవ లోతుకి వెళ్ళిపోయిందంటే మళ్ళీ వచ్చేదాకా దాన్ని మార్చడం ఎవరితరమూ కాదు.

కంపెనీ పెద్ద ఆచంట సోమయాజులు గారు. రేడియో ఇంజనీరుగా రిటైరై, ఇంట్లో కూర్చోవడం చేతకాక దీన్ని పెట్టారు. బిల్డు చెయ్యడం జోసెఫ్ పని. అతను దాన్ని పూర్తిగా చేత్తో చేసేవాడు. ఏ ఫైలు ఎక్కడికి, ఏ ఆజ్ఞ తరవాత ఏ ఆజ్ఞ, అంతా నోటికే. బిల్డు రోజున తలుపు వేసుకుని, లోపల్లోపల గొణుక్కుంటూ నా ముందు కూర్చునేవాడు. ఆ సమయంలో ఎవరైనా "టీ తాగుతావా?" అన్నారో, ఒక మెట్టు మరిచిపోయేవాడు. అలా ఒకసారి ఒడియా పడవలకి పంపాల్సిన గొంతు ఉప్పాడ పడవలకి వెళ్ళిపోయింది. నడిసముద్రంలో పెట్టె ఒడియాలో గడగడా మాట్లాడేసరికి, ఆ పడవవాళ్ళు తాము పారాదీప్ దాకా కొట్టుకుపోయామనుకుని లబోదిబోమన్నారట. తిరిగొచ్చాక వాళ్ళు జోసెఫ్‌ని పెట్టిన శాపనార్థాలు మాత్రం స్వచ్ఛమైన తెలుగులోనే ఉన్నాయి.

ఆ తరవాతే సోమయాజులు గారు నూకరత్నాన్ని పిలిచి, "రత్నం, ఈ చేతి వంట మనకొద్దమ్మా. ఒక్క మీట నొక్కితే బిల్డంతా దానంతటదే అయిపోయేలా ఏదైనా చూడు" అన్నారు.

వాసుపల్లి నూకరత్నం పెదజాలారిపేట పిల్ల. ఇంజనీరింగు చదివి ఈ కంపెనీలో చేరింది. వాళ్ళింట్లో మగవాళ్ళంతా చేపల వేటకి వెళ్ళేవాళ్ళే. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఒక తుఫానులో వెళ్ళి తిరిగి రాలేదు. గాలి మళ్ళిందన్న కబురు రేడియోలో వచ్చిందట, పడవ దాకా చేరలేదట. అన్న ఎర్రయ్య ఇప్పుడు ఒక మరపడవకి సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. కంపెనీలో మిగిలినవాళ్ళకి ఈ పెట్టె ఒక ఉద్యోగం. రత్నానికి కాదు.

బిల్డు దానంతటదే నడవాలంటే, చేసే పనులన్నీ వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలుండాలి. దాన్ని స్క్రిప్టు అంటారు. ఆ స్క్రిప్టు ఏ పనిముట్టుతో రాయాలన్నది తేల్చడానికి మా మేడమీద పెళ్ళిచూపులే జరిగాయి. వచ్చిన పెళ్ళికొడుకులందరూ విడిది దిగింది నాలోనే.

మొదటివాడు బ్యాచ్ ఫైలు. మేనరికం సంబంధం. నాతోపాటు వచ్చినవాడే, కొత్తగా తెచ్చిపెట్టాల్సింది ఏమీ లేదు. జోసెఫ్ ఓటు వాడికే. "ఇంట్లో కుర్రోడుండగా బయట సంబంధాలెందుకు రత్నం?" అన్నాడు. రత్నం కావాల్సిన ఫైళ్ళలోంచి ఒకటి తీసి దాచేసి వాణ్ణి నడిపించింది. వాడు ఆ ఫైలు లేని సంగతి పట్టించుకోకుండా చివరిదాకా పోయి, పూర్తయిందని చెప్పాడు. "ఆగమని మనం విడిగా చెప్పకపోతే చెడినా ఆగడు జోసెఫ్ గారూ. ప్రతి అడుక్కీ వెనకాల నిలబడి చెప్పడం నావల్ల కాదు" అని పక్కన పెట్టింది.

రెండోవాడు పెర్ల్ అనే ప్రోగ్రాము భాష. మహాపండితుడు. పేజీడు పని ఒక్క వాక్యంలో చేసి చూపించాడు. నేనైతే మురిసిపోయాను. వారం తిరిగాక రత్నం ఆ వాక్యం తెరిచి, తను రాసింది తనే చదవలేక గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

మూడోవాడు పైథాన్. కాస్త పట్టింపుల మనిషి. వాక్యం ఎక్కడ లోపలికి జరిపి రాయాలో అక్కడ జరిపి రాయకపోతే అలిగి కూర్చుంటాడు. రత్నం వాడితో స్క్రిప్టు రాసి, కాగితంమీద అచ్చుతీసి, తిన్నగా సోమయాజులు గారి గదిలోకి పట్టుకెళ్ళింది. ఆయనకి ప్రోగ్రాములు రావు.

"సార్, ఇది చదివి ఏం జరుగుతోందో మీరు చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని నెమ్మదిగా చదివారు. "పాత మూట తీసెయ్... కొత్త ఫైళ్ళు తెచ్చుకో... ఏదైనా చెడితే అక్కడే ఆగి చెప్పు... ఒడియా గొంతు ఒడియా పడవలకి..." అంటూ తలెత్తారు. "ఏవమ్మా, ఇది నాకే అర్థమవుతోందే!"

"అందుకే సార్, ఇది ఖాయం. రేపు నాకు జ్వరమొస్తే మీరే నడపాలి."

పనిముట్టుని దాని గొప్పని బట్టి కాక, తను లేని రోజుని తలుచుకుని ఎంచుకున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

ఒక్క చిక్కు మిగిలింది. నేను ముసలిదాన్ని. ప్రోగ్రామంతటినీ మొదటినుంచి యంత్రభాషలోకి మార్చాలంటే నాకు పూటంతా పట్టేది. అందుకని ఆ ఒక్క పనినీ మేక్ అనే పాతకాలపు పొదుపరికి అప్పగించింది. అతను మారినవాటినే మళ్ళీ వండుతాడు, మారనివాటిని ముట్టుకోడు. ఏది మారిందో ఎలా తెలుస్తుందంటారా? నాలోకి వచ్చే ప్రతి ఫైలుమీదా నేను నా గడియారం చూసి వేళ ముద్ర వేస్తాను. మూలం మీది వేళ, వండినదాని మీది వేళ కన్నా తరవాతదైతే, మూలం మారినట్టు లెక్క. ముందుదైతే, నిన్నటి కూరే చాలునన్నమాట.

మొదటిసారి ఆ స్క్రిప్టు నడిపిన రోజు నేను చచ్చినా మరిచిపోను. రత్నం మీట నొక్కి చేతులు వెనక్కి తీసేసుకుంది. ఇన్నేళ్ళుగా జోసెఫ్ నసుగుతూ, ఆగుతూ, వెనక్కి వెళ్తూ నాచేత చేయించిన పనులన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వాటంతటవే నడిచిపోయాయి. తెరమీద అక్షరాలు ఏరు పారినట్టు పారాయి. ఎవరూ నన్ను ముట్టుకోవడం లేదు, అయినా ఒక మనిషి ఆలోచన నాలోపల తిరుగుతోంది. రత్నం కళ్ళార్పకుండా చూస్తూ, "ఒలమ్మో" అంది, అంతే. కొంగు చాటున దాచుకున్న దీపాన్ని మొదటిసారి బయటపెట్టి, అది ఆరకుండా నిలబడితే చూసేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో, ఆ ముఖం అలా ఉంది. జోసెఫ్ తన గొణుగుడు మంత్రాలకి ఇక పనిలేదని కాస్త బెంగపడ్డాడు గానీ, చప్పట్లు ముందు కొట్టింది అతనే.

ఇక్కడొక సంగతి చెప్పాలి. సోమయాజులు గారు పంచాంగం చూడకుండా తుమ్మరు కూడా. రాహుకాలంలో, వర్జ్యంలో బిల్డు పుట్టకూడదని ఆయన పట్టు. పెట్టె వెలిగించగానే 'విడుదల వేళ' అని మొట్టమొదట కనిపిస్తుంది మరి. "పుట్టిన ప్రతిదానికీ జాతకం ఉంటుందోయ్ జోసెఫూ" అనేవారు. చేత్తో చేసే రోజుల్లో పూటంతా సాగే పనికి ముహూర్తం కుదరడం తేలికే. ఇప్పుడేమో చిటికెలో అయిపోతోంది. పని పడిన వేళ రాహుకాలమైతే ఏం చెయ్యాలి?

దారి జోసెఫ్ కనిపెట్టాడు. అతను ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. రాహువుతో అతనికి పేచీ లేదు, పరిచయమూ లేదు. కానీ సార్ మనసు కష్టపడటం చూడలేడు. అందుకని నా గడియారాన్ని గుట్టుగా అదే రోజు మంచి ఘడియకి వెనక్కి తిప్పి, బిల్డు అయ్యాక మళ్ళీ ముందుకి తిప్పేసేవాడు. సోమయాజులు గారు పెట్టెమీద శుభముహూర్తం చూసుకుని మురిసేవారు. ఆయన ఏమీ అడిగేవారు కాదు, జోసెఫ్ చెప్పేవాడు కాదు. ఒకరి నమ్మకాన్ని ఇంకొక మతంవాడు ఇంత శ్రద్ధగా కాపాడటం నేను ఈ ఊళ్ళోనే చూశాను. ఫైళ్ళు ముందురోజే నాలోకి వచ్చి ఉండేవి కాబట్టి ఎప్పుడూ ఏ తేడా రాలేదు.

అది తుఫాన్ల కాలం. ఒక వాయుగుండం పోయి, సముద్రం తెరిపిన పడిందని పడవలు బయల్దేరుతున్న గురువారం. పొద్దున మామూలుగానే, చూసుకోవడానికని ఒక బిల్డు చేశాం. ఆ బిల్డుని పెట్టెలో పెట్టి పరీక్షిస్తుండగా రత్నం ఒక తప్పు పట్టింది. ఒక హెచ్చరికని పెట్టె చదువుతుండగా రెండోది వస్తే, ఆ రెండోదాన్ని నిశ్శబ్దంగా పారేస్తోంది. రత్నం ముఖంలో నెత్తురు చుక్క లేదు. గాలి ఇటు అని ఒక కబురు, కాదు అటు అని వెంటనే ఇంకో కబురు రావడం తుఫానులో మామూలే. ఆ రెండో కబురు అందకనే కదా వాళ్ళ నాన్న పోయింది.

భోజనానికి కూడా లేవకుండా తన బల్లమీది కంప్యూటర్లో దాన్ని సరిచేసి, పరీక్షించి చూసుకుంది. "ఇంకాసేపట్లో అన్నియ్య పడవ ఎల్తంది. అందరికీ ఈ కార్డులే పెట్టాలి" అంది. సరిచేసిన ఫైలు నాలోకి పంపే వేళకి రాహుకాలం మొదలైంది. జోసెఫ్ అలవాటు ప్రకారం అంతకు కాస్త ముందే నా గడియారాన్ని పొద్దున బిల్డు చెయ్యకముందటి అమృత ఘడియలకి తిప్పేసి ఉన్నాడు.

ఏం జరిగిందో మీకు తెలిసిపోయే ఉంటుంది. సరిచేసిన ఫైలు రాగానే నేను నా గడియారం చూసి, పొద్దుటి వేళ ముద్ర వేశాను. పొదుపరి మేక్ వచ్చి చూశాడు. వండి ఉన్నదానిమీద దానికన్నా తరవాతి వేళ ఉంది. మూలం మారలేదనుకుని, ఉన్న పాతదాన్నే మూటగట్టి ఇచ్చాడు. ఆ తప్పుని పట్టే పరీక్ష స్క్రిప్టులో ఇంకా లేదు. ఉన్న పరీక్షలన్నిట్లోనూ బిల్డు నెగ్గింది. తెరమీద 'విజయవంతం' అని పడింది. జోసెఫ్ గడియారం సరిచేసి, కార్డులు సంచిలో వేసుకుని, స్కూటరు మీద హార్బరుకి పరిగెత్తాడు.

రత్నం కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. చాలాసేపయ్యాక నా వైపు వింతగా చూసింది. "మారిన ఫైలు వండడానికైనా కాసేపు పట్టాలి కదా, ఇంత తొందరగా అయిపోయిందేటి?" అంది తనలో తను. ఫైళ్ళ వేళలు తెరిచి చూసింది. సరిచేసిన ఫైలుమీద పొద్దుటి వేళ. పొద్దున ఆమె ఆ ఫైలు ముట్టుకోలేదు. అప్పటికా తప్పు ఉందనే ఎవరికీ తెలియదు.

ఆమె ఫోనందుకుని, స్పీకరు నొక్కి, జోసెఫ్‌కి కలిపింది.

"జోసెఫ్ గారూ, క్లాకు వెనక్కి తిప్పారా?"

"ఎప్పుడూ తిప్పుతాను కదా రత్నం, సార్ కోసం..."

"నేను ఫైలు పంపకముందా, పంపాకా?"

"ముందే. ఏటైంది?"

"మీ చేతిలో కార్డులు పాతవి. పడవలాపండి."

"కార్డులు అన్నిట్లో పెట్టేశాను తల్లీ. తాళ్ళు ఇప్పేత్తన్నారు. ఐసు కరిగిపోతాదని ఒకటే తొందర. నేను ఆపితే ఆగుతారేటి?"

రత్నం ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ఫోను అన్నియ్యకియ్యండి. స్పీకర్లో పెట్టండి. అందరికీ వినపడాలి."

తాళ్ళ చప్పుడు, ఇంజన్ల చప్పుడు, ఎర్రయ్య గొంతు. "ఏటే రత్నాలూ?"

అప్పుడామె, వేటకి వెళ్ళే ఇంట పుట్టిన ఏ ఆడపిల్లా కలలో కూడా అడగని మాట, గొంతెత్తి అడిగింది.

"అన్నియ్యా! ఎక్కడికెల్తన్నావు?"

బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలవడమే తప్పు. పిలిచి, ఎక్కడికని అడగడం అంతకన్నా తప్పు. అటువైపు గగ్గోలు పుట్టింది. "నీ నోరు పడిపోనూ!" అని ఎవరో, "సదువుకున్నదానికి ఆ మాత్తరం తెల్దేటి?" అని ఇంకెవరో. ఎర్రయ్య మాత్రం తిట్టలేదు. తన చెల్లెలు ఊరికే ఆ మాట అనదని అతనికి తెలుసు.

"తాడు కట్టండ్రా ఎనక్కి" అన్నాడు నెమ్మదిగా. "సెకునం సెడిపోనాది. నాను ఇంటికెల్లి తానం సేసి, కూడు తిని, మల్లీ వొత్తాను. అందాకా ఏ పడవా కదల్దు." ఆ తరవాత గొంతు తగ్గించి, "ఎంతసేపే?" అని అడిగాడు.

"పొద్దుగూకేలోపు. నెమ్మదిగా తిను అన్నియ్యా."

ఒక్క ప్రశ్నకి పడవల వరసంతా ఆగిపోయింది. ఏ ఆజ్ఞకి ఏ యంత్రం ఎలా ఆగుతుందో నాకు బాగా తెలుసు. మనుషులు ఆగే తీరు మాత్రం నా ఊహకి అందలేదు.

రత్నం సోమయాజులు గారి గదిలోకి పరిగెత్తింది. జరిగిందంతా చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. జోసెఫ్ తన కోసం గడియారం తిప్పుతున్నాడని లోలోపల ఎరిగే ఉన్న మనిషి ఆయన.

"సార్, ఇక ఏ వేళ ముద్రనీ నమ్మలేం, వండినవన్నీ చెరిపేసి మొదటినుంచి చెయ్యాలి. పూట పడుతుంది. ఇప్పుడే మొదలుపెట్టాలి" అని, గోడ గడియారం వైపు చూసి మాట మింగేసింది. రాహుకాలం ఇంకా నడుస్తోంది.

సోమయాజులు గారు లేచి నా ముందుకి వచ్చారు. "గడియారం సరిగ్గా ఉందా?"

"ఉంది సార్."

"జరుగమ్మా. నేనే నొక్కుతాను." పంచాంగంలో ఘడియలు వెతికే ఆ వేలితోనే, ఆ వేళలో, ఆయన నా మీట నొక్కారు.

అలా మొదలుపెట్టాను. మొత్తం, మొదటినుంచి. ఇంత పని ఒక్క బిగిన నేనెన్నడూ చెయ్యలేదు. కాసేపటికి ఒళ్ళు కాలిపోసాగింది. నా ఫ్యాను రొప్పుతూ రొప్పుతూ, మధ్యలో నిలిచిపోయింది. రత్నం గబగబా నా పక్క రేకు ఊడదీసింది. విసరడానికి ఏదైనా కావాలని అటూ ఇటూ చూస్తుంటే, సోమయాజులు గారు గదిలోకి వెళ్ళి చేతికందిన పుస్తకం పట్టుకొచ్చి నాకు విసరడం మొదలుపెట్టారు. అది ఆ ఏటి పంచాంగం. ఆయన గమనించారో లేదో తెలియదు. ఆయన చెయ్యి నొప్పెడితే రత్నం, రత్నం చెయ్యి నొప్పెడితే ఆయన. ఇద్దరూ నేలమీద చతికిలబడి, జ్వరమొచ్చిన పిల్లకి విసిరినట్టు విసిరారు. ఒక్కో ముక్కా వండుతున్నాను, అతుకుతున్నాను, ఎక్కడైనా ఆగిపోతానేమోనని భయపడుతున్నాను. నాకు భయం తెలిసింది ఆ రోజే. ఆ మూటలో మనుషులున్నారు.

పొద్దు వాలుతుండగా పూర్తయింది. ఈసారి రత్నం తెరమీది మాట నమ్మలేదు. అక్కడున్న పెట్టెలో కొత్త కార్డు పెట్టి, ఒక హెచ్చరిక పంపి, అది చదువుతుండగానే ఇంకోటి పంపింది. పెట్టె మొదటిదాన్ని ఆపి, సైరను మోగించి, రెండోది అరిచింది. రత్నం కార్డులు గుప్పిట పట్టుకుని మెట్లమీద దూకుతూ వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళకి పడవలు కొత్త కార్డులతో బయల్దేరాయని జోసెఫ్ ఫోన్ చేశాడు. ఈసారి వాళ్ళని ఎవరూ వెనక నుంచి పిలవలేదు.

మర్నాడు రత్నం స్క్రిప్టు మార్చింది. ఇకమీద మేక్‌ని వేళ ముద్రలు చూడకుండా, ఫైలు తెరిచి లోపలి అక్షరాలే మారాయో లేదో చూడమంది. సోమయాజులు గారు పంచాంగం మానలేదు. కాకపోతే అందులో మంచి ఘడియ చూసి, ఆ వేళకి అందరికీ మైసూరుపాకు తెప్పించేవారు. బిల్డుని దాని మానాన వదిలేశారు.

పడవలు వెళ్ళిన కొన్నాళ్ళకే నడిసముద్రంలో ఇంకో వాయుగుండం లేచి, తుఫానైంది. ఉత్తరంగా పోతుందన్నారు. పోలేదు. పడవలనుంచి ఏ కబురూ లేదు. టీవీలో చెట్లు ఒరగడం, అలలు గోడలు దాటడం చూపిస్తున్నారు. రత్నం ఆఫీసుకి వచ్చేది, నా ముందు కూర్చునేది, ఏ మీటా నొక్కేది కాదు. జోసెఫ్ ఆమెకి ఎదురుపడలేక ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఒకసారి ఆమే అతని దగ్గరికి వెళ్ళి, "మీ చర్చిలో ఒక మాట చెప్పండి జోసెఫ్ గారూ" అంది. "రోజూ అదే చేస్తన్నాను తల్లీ" అన్నాడతను. సోమయాజులు గారు గదిలోంచి బయటికి రావడమే మానేశారు. తుఫాను తీరం దాటింది, వాన తగ్గింది, ఎండ కూడా వచ్చింది. పడవలు మాత్రం రాలేదు.

ఒకరోజు పొద్దెక్కాక మెట్లమీద అడుగుల చప్పుడైంది. ఉప్పు పేరుకుపోయిన జుట్టు, మాసిన గడ్డం, కాళ్ళకి చెప్పులు లేవు. ఎర్రయ్య. రత్నం లేచి నిలబడింది.

"పోన్లన్నీ తడిసిపోనాయే" అన్నాడు అతను, అదేదో తన తప్పయినట్టు. "తుపాను ఉత్తరానికెల్తాది, మీరు దచ్చినానికి తిరగండని ఒక కబురొచ్చింది. తిరగబోతన్నాం. అది సెప్తండగానే ఇంకోటి అరిసింది, కాదు, దచ్చినానికే మల్లింది, తిన్నగా ఒడ్డుకి రండని. మొదటి మాటే ఇనుంటే దాని నోట్లోకే ఎల్లుందుము. కాకినాడ కాడ ఒడ్డెక్కేసినాం. అక్కడా కరెంటూ లేదు, పోన్లూ పన్జెయ్యనేదు."

రత్నం అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. సోమయాజులు గారు గది గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. జోసెఫ్ బల్లమీద తల వాల్చేశాడు. ఎర్రయ్య ఆ పెట్టెకి బుద్ధి చెప్పిన మిషను ఏదని అడిగితే, రత్నం ముక్కు తుడుచుకుని బల్లకింద నన్ను చూపించింది. "ఇదేనేటి?" అని వంగి చూసి, అరచెయ్యి నామీద పెట్టాడు. ఇన్నేళ్ళలో నా మీటలు నొక్కినవాళ్ళు ఎందరో గానీ, అలా తలమీద చెయ్యి వేసినవాళ్ళు లేరు.

"కిందకి రాయే. అందరం వొచ్చాం" అన్నాడు ఎర్రయ్య.

నేనున్న చోటునుంచి వీధి కనపడదు. వినపడింది మాత్రం చెబుతాను. రత్నం ఒక్కొక్క పేరూ పిలుస్తూ మెట్లు దిగింది. చిన్నాన్న పేరు, పక్కింటివాళ్ళ పేర్లు, పడవ పడవకీ ఉన్న మనుషుల పేర్లు. ప్రతి పేరుకీ కింద టైలరు దుకాణం ముందు నుంచి ఒక గొంతు పలికింది. పలకకుండా పోయిన పేరు ఒక్కటీ లేదు.